పేరు ఎంతవరకు? జిల్లా ల్యాబులో బ్యాక్టీరియాను గుర్తించే పని

(యల్లాప్రగడ సుబ్బారావు స్మారక ఉపన్యాసం)



యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు వినగానే చాలామందికి మందులు గుర్తొస్తాయి. ల్యాబులో పనిచేసేవాళ్లకు మాత్రం ఆయన ముందు ఒక పరీక్ష పేరుగానే పరిచయం. 1925లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి కనిపెట్టారు. నమూనాకు మాలిబ్డేట్, దానితోపాటు మరో కారకం కలిపితే నీలిరంగు వస్తుంది. నీలం ఎంత చిక్కబడితే ఫాస్ఫరస్ అంత ఉన్నట్టు. రంగుల్ని పోల్చి చూసే మామూలు సాధనం ఉంటే చాలు. ఫిస్క్–సుబ్బారావు పద్ధతిగా దాన్ని తరాల విద్యార్థులు ప్రాక్టికల్స్‌లో చేశారు. ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ ఆ పద్ధతి పుణ్యాన దొరికినవే. చవకైన పరీక్ష అంటే తక్కువరకం పరీక్ష అనుకునేవాళ్లకు నేను చెప్పే మొదటి జవాబు ఈ భీమవరం మనిషే.

1940లో లెడర్లీ అనే మందుల కంపెనీలో చేరాక ఆయన బృందం ఫోలిక్ ఆమ్లం వెంట పడింది. కాలేయపు సారంలో అది ఎంత ఉందో చూడటానికి వాళ్లు వాడిన కొలబద్ద ఒక బ్యాక్టీరియా. పేరు లాక్టోబాసిల్లస్ కేసై. ఆ విటమిన్ అందనిదే అది పెరగదు. గొట్టంలో ద్రవం ఎంత మసకబారిందో చూసి విటమిన్ ఎంతుందో లెక్క వేసేవారు. ఆ గొట్టంలో మరో క్రిమి చొరబడి పెరిగితే లెక్కంతా దండగే. 1948 జులైలో లెడర్లీ వాళ్ల యాంటీబయాటిక్ ఆరియోమైసిన్ గురించి ప్రపంచానికి తెలిసింది, ఆగస్టులో ఆయన కన్నుమూశారు. ఆ కుటుంబపు మందే నేటి డాక్సీసైక్లిన్. వానాకాలపు జ్వరాలకు స్క్రబ్ టైఫస్ అనుమానంతో మనం దాన్ని రాస్తున్నాం. ఏ క్రిమికి రాస్తున్నామో తెలియకుండానే చాలాసార్లు రాస్తున్నాం కూడా.

ఈ రోజు నేను మాట్లాడేది ఆ తెలియకపోవడం గురించి. దాన్ని తగ్గించుకోవడానికి ఎంత ఖర్చు పెట్టాలి, ఎక్కడ ఆపాలి అన్నదాని గురించి.

2016 అక్టోబరు 11న పాత వరంగల్ జిల్లాను విడదీసినప్పుడు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లా కేంద్రాలయ్యాయి. 2022లో మహబూబాబాద్‌లో, 2023లో జనగామలో, భూపాలపల్లిలో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. వైద్య కళాశాల అన్నాక మైక్రోబయాలజీ విభాగం ఉండి తీరాలి. వరంగల్‌లో కాకతీయ వైద్య కళాశాల 1959 నుంచి ఉంది. ఎంజీఎం ఆసుపత్రికి నాలుగు దిక్కుల నుంచీ రోగులు వచ్చేవారు, వాళ్లతోపాటు కల్చర్లూ వచ్చేవి. ఇప్పుడు ఆ పని చేయగల గది అరవై డెబ్బై కిలోమీటర్లు దగ్గరకు జరిగింది. కొత్తగూడ, గంగారం నుంచి మహబూబాబాద్‌కు, మహదేవ్‌పూర్ నుంచి భూపాలపల్లికి రావడమే ఒక ప్రయాణం. అక్కడి నుంచి మళ్లీ వరంగల్ పొమ్మంటే సగం మంది ఇంటికి పోతారు. అందుకే ఆ గది విలువ పెద్దది. అయితే గది వచ్చినంత మాత్రాన క్రిమి పేరు రాదు.

నా వాదన ముందే చెప్పేస్తాను. జిల్లా ల్యాబు ప్రతి బ్యాక్టీరియాకూ ఇంటిపేరుతో సహా పూర్తి పేరు పెట్టనక్కర్లేదు. వైద్యం మారేంతవరకు పేరు పెడితే చాలు. కానీ వైద్యం మారే చోట మాత్రం ‘గ్రామ్ నెగటివ్ బ్యాసిలై పెరిగాయి’ అని రాసి చేతులు దులుపుకోవడానికి వీల్లేదు. డబ్బు లేదన్న మాట ఆ చోట నిలవదు, ఎందుకంటే అక్కడ కావలసిన పరీక్షల్లో చాలావరకు రూపాయల్లో అయ్యేవే.

మూత్రం కల్చరే తీసుకోండి. ఏ ల్యాబులోనైనా ఎక్కువగా వచ్చే నమూనా అదే. ఆల్‌ఫ్రెడ్ మెకాంకీ 1905 నాటికి స్థిరపరిచిన అగర్ మీద గులాబీ రంగు కాలనీలు వచ్చాయి. ఒక కాలనీని ఫిల్టర్ కాగితం మీది ఇండోల్ కారకానికి పూస్తే రంగు తిరిగింది. ఆక్సిడేజ్ నెగటివ్. మూత్రంలో ఇది దాదాపు ఖాయంగా ఇ. కోలై. మర్నాడు ఉదయం పది నిమిషాల్లో తేలిపోయే ఈ సంగతికి సిట్రేట్, యూరియేజ్, టీఎస్‌ఐ గొట్టాలన్నీ వేసి ఇంకో రోజు ఆగడమెందుకు? ఐఎంవిఐసి అనే నాలుగు పరీక్షల వరుసలో ఇ. కోలైకి ప్లస్ ప్లస్ మైనస్ మైనస్ అని మన విద్యార్థులు నిద్రలో కూడా అప్పజెబుతారు. మంచిదే. కానీ పరీక్ష పేపరుకు రాసే జవాబు వేరు, మంచం మీద మనిషికి పంపే జవాబు వేరు. మిగిలిన గొట్టాలు పేరును బట్టి వైద్యం మారే చోట్లకు దాచుకుందాం.

అవి ఎక్కడ అవసరం? రక్తం కల్చర్‌లో గ్రామ్ పాజిటివ్ గుత్తులు కనిపించాయనుకోండి. అది స్టాఫిలోకాకస్ ఆరియస్ అయితే రోగి ప్రాణం మీదికి వచ్చినట్టే. రెండు వారాలకు తక్కువ కాకుండా సూది మందు, గుండె కవాటాల మీద ఓ కన్ను. చర్మం మీద మామూలుగా ఉండే స్టాఫిలోకాకస్ అయితే చాలాసార్లు సూది గుచ్చేటప్పుడు లోపలికి జారినదే, మందే అక్కర్లేకపోవచ్చు. ఈ రెండు దారుల మధ్య తలుపు కోయాగ్యులేజ్ గొట్టం పరీక్ష. కొంచెం కుందేలు ప్లాస్మా, 37 డిగ్రీల వేడి, నాలుగు గంటల ఓపిక. ప్లాస్మా గడ్డకట్టిందా లేదా, అంతే. గడ్డకట్టకపోతే రాత్రంతా ఉంచి మళ్లీ చూడాలి. స్లైడు మీద తొందరగా తేల్చి ‘నెగటివ్’ రాయకూడదు. స్లైడు పరీక్షలో కొన్ని ఆరియస్‌లు తప్పించుకుంటాయి.

మరో చోటు ఐసీయూ. అన్నిటికీ లొంగని గ్రామ్ నెగటివ్ అనగానే కొలిస్టిన్ అందుకునే అలవాటు పడింది. ప్రోటియస్, ప్రొవిడెన్సియా, మోర్గనెల్లా, సెరేషియాలు పుట్టుకతోనే కొలిస్టిన్‌కు లొంగవు. ప్లేటు మీద అలలు అలలుగా పాకే ప్రోటియస్‌ను, యూరియా మాధ్యమాన్ని గంటల్లో గులాబీ చేసే ఆ క్రిమిని గుర్తుపట్టకుండా కిడ్నీని దెబ్బతీసే మందు ఎక్కించడం ఎంత అన్యాయం! ఇక్కడ పేరే మందుల జాబితాను సగం కోసేస్తుంది. 2019లో మందులకు లొంగని బ్యాక్టీరియా నేరుగా 12 లక్షల 70 వేల మంది చావుకు కారణమైందని లాన్సెట్ పత్రికలో 2022లో వచ్చిన అంచనా. ఆ అంకె పెద్దది కాబట్టి మన చేతిలో లేదనిపిస్తుంది. మన చేతిలో ఉన్నది ఈ యూరియా గొట్టం.

ఇప్పుడు నేను ఎక్కువ సేపు ఆగదలచుకున్న క్రిమి దగ్గరికి వస్తాను. బర్కోల్డేరియా సూడోమల్లై. దీన్ని రంగూన్‌లో కెప్టెన్ ఆల్‌ఫ్రెడ్ విట్‌మోర్, ఆయనతో పనిచేసిన సి. ఎస్. కృష్ణస్వామి తొలిసారి గుర్తించి 1912లో ప్రచురించారు. ఆ రోజుల్లో రంగూన్ రేవులో బస్తాలు మోసినవాళ్లలో మన గోదావరి, విశాఖ ప్రాంతాల కూలీలు వేలల్లో ఉండేవారు. ఆ క్రిమి తడి నేలలో, వరి మళ్లలో బతుకుతుంది. వానాకాలంలో, బురదలో పనిచేసేవాళ్లను, అందులోనూ షుగర్ ఉన్నవాళ్లను పట్టుకుంటుంది. న్యుమోనియాగా రావచ్చు, కాలేయంలో, ప్లీహంలో చీముగడ్డలుగా రావచ్చు, కీళ్లలో రావచ్చు, నెలల తరబడి దగ్గుతో టీబీలా నటించవచ్చు. ఏటా ప్రపంచంలో 1,65,000 మందికి ఇది వస్తుందని, 89,000 మంది చనిపోతున్నారని 2016లో వేసిన అంచనా. అందులో దక్షిణాసియా వాటా పెద్దది. వరి, షుగర్, వాన: ఈ మూడూ కలిసే చోటు కావాలంటే మనం ఎక్కడికీ వెళ్లనక్కర్లేదు, పాలకుర్తి నుంచి కేసముద్రం దాకా బస్సెక్కితే చాలు.

2025లో గుంటూరు పక్కన తురకపాలెంలో వరుసగా మనుషులు చనిపోతుంటే ఈ జబ్బు అనుమానమే పత్రికలకెక్కింది. వైద్య శిబిరాలు పెట్టి, రక్తం తీసి కల్చర్లకు పంపారు. ఊరు ఊరంతా భయపడ్డాకే మనకు రక్తం కల్చర్ గుర్తొస్తుంది. నాకు బాధ అదే.

ల్యాబులో ఈ క్రిమి ఎలా తప్పించుకుంటుంది? మెకాంకీ మీద తొలిరోజు రంగులేని చిన్న కాలనీలు. ఆక్సిడేజ్ పాజిటివ్. అక్కడ టెక్నీషియన్ ‘సూడోమోనాస్ జాతి’ అని రాస్తాడు. కాలనీ ముడతలు పడటానికి రెండు మూడు రోజులు పడుతుంది, అప్పటికి ప్లేటు చెత్తబుట్టలో ఉంటుంది. దీనికి విరుగుడు ప్లేటు మీద పెట్టే మూడు యాంటీబయాటిక్ కాగితపు బిళ్ళలు. ఆక్సిడేజ్ పాజిటివ్ అయిన ప్రతి గ్రామ్ నెగటివ్ కడ్డీ మీదా జెంటామైసిన్, కొలిస్టిన్, కో-అమాక్సిక్లావ్ పెట్టి చూడండి. మామూలు సూడోమోనాస్ ఏరుజినోసా మొదటి రెంటికీ సాధారణంగా లొంగుతుంది, మూడోదానికి లొంగదు. బర్కోల్డేరియా సూడోమల్లై సరిగ్గా తలకిందులు: మొదటి రెంటి చుట్టూ ఖాళీ ఉండదు, మూడోదాని చుట్టూ ఉంటుంది. అలా కనిపిస్తే ప్లేటు మూసి, టేపు వేసి, వాసన చూడకుండా, సీనియర్‌ను పిలవాలి. ప్లేటు మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకునే పాత అలవాటు మన మైక్రోబయాలజిస్టుల్లో ఇంకా ఉంది. దయచేసి మానండి. ఇంకో మాట: ఇక్కడి కొలిస్టిన్ బిళ్ళ క్రిమిని గుర్తించడానికే. రోగికి కొలిస్టిన్ పనిచేస్తుందా లేదా అన్నది బిళ్ళ చూసి చెప్పకూడదు. ఆ మందు అగర్‌లో సరిగ్గా పాకదు.

పేరు తెలిస్తే ఏమవుతుంది? మన వార్డుల్లో మొదట ఎక్కేది సెఫ్ట్రియాక్సోన్. ఈ జబ్బుకు అది చాలదు. కావలసింది సెఫ్టాజిడిమ్ గానీ మెరోపెనెమ్ గానీ కనీసం రెండు వారాలు, ఆ తర్వాత కో-ట్రైమాక్సజోల్ బిళ్ళలు మూడు నెలలు. బిళ్ళలు మధ్యలో మానేస్తే జబ్బు తిరగబెడుతుంది. మూడు బిళ్ళల పరీక్ష చేయని చోట ఈ మనిషికి ఆరు నెలలు టీబీ మందులు ఇస్తారు, లేకపోతే డెత్ సర్టిఫికెట్ మీద ‘సెప్సిస్’ అని రాస్తారు.

ఈ మూడు బిళ్ళల పరీక్షకు సరిగ్గా ఎదురుగా నిలబెట్టాల్సింది టైఫాయిడ్‌కు చేసే వైడాల్ పరీక్ష. 1896 నాటిది. మన జిల్లాల్లో జ్వరంతో వచ్చిన మనిషి సంచీలోంచి కాగితాలు తీస్తే అందులో ఒక వైడాల్ రిపోర్టు ఉండి తీరుతుంది. ఆర్ఎంపీ దగ్గర మొదలై కార్పొరేట్ దాకా అదే. టైఫాయిడ్ ఎప్పుడూ ఉండే ప్రాంతంలో ఆరోగ్యంగా ఉన్నవాళ్ల రక్తంలోనూ ఆ యాంటీబాడీలు కొంత ఉంటాయి. ఒకేసారి చేసిన స్లైడు పరీక్షతో తేలేదేమీ లేదు. పదిరోజుల తేడాతో రెండుసార్లు చేసి పెరుగుదల చూడాలని పుస్తకాలు చెబుతాయి. రెండోసారి ఎవరు చేయించుకుంటారు? చవక పరీక్షలను వెనకేసుకొస్తున్న నేను ఈ ఒక్క చవక పరీక్షను మాత్రం సమర్థించను. దాని వల్ల వచ్చే అనవసరపు సూదుల ఖర్చు, అసలు జబ్బు మరుగున పడిపోయే నష్టం లెక్కగడితే అది ల్యాబులోకెల్లా ఖరీదైన పరీక్ష. దాని బదులు రక్తం కల్చర్ చేస్తే టైఫాయిడ్ రోగుల్లో నూటికి అరవై మందిలో క్రిమి దొరుకుతుంది. దొరికాక టీఎస్‌ఐ గొట్టంలో పైన ఎరుపు, కింద పసుపు, మధ్యలో సన్నని నల్లటి మీసం, గ్యాసు లేదు. యూరియేజ్ లేదు, ఇండోల్ లేదు. చివర సాల్మొనెల్లా సీరం చుక్కతో స్లైడు మీద పెరుగు విరిగినట్టు ముద్దకడుతుంది. అదీ టైఫాయిడ్ అంటే. ఆ క్రిమి మీద సిప్రోఫ్లాక్సాసిన్ మన దేశంలో ఇప్పుడు పెద్దగా పనిచేయడం లేదని కూడా అదే ప్లేటు చెబుతుంది.

ఇంతవరకు చెప్పిన పరీక్షలన్నిటి కిందా ఒక పునాది ఉంది. మంచి బ్లడ్ అగర్. దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. బ్లడ్ అగర్‌లో వేయాల్సింది గొర్రె రక్తం. చాలా చిన్న ల్యాబుల్లో బ్లడ్ బ్యాంకులో గడువు తీరిన మనిషి రక్తం వేస్తారు. అందులో సిట్రేట్ ఉంటుంది, దాత వేసుకున్న మందులు ఉండవచ్చు, యాంటీబాడీలు ఉంటాయి. కాలనీలు చిన్నబోతాయి, స్ట్రెప్టోకాకస్ చుట్టూ కనిపించాల్సిన తేటదనం సరిగా రాదు. గొంతునొప్పి నుంచి గుండె జబ్బుకు దారితీసే స్ట్రెప్టోకాకస్‌ను పట్టుకునే మొదటి ఆనవాలే ఆ తేటదనం. పైగా హెచ్‌ఐవీ, హెపటైటిస్ భయం. ఇదంతా తెలిసీ మనిషి రక్తం ఎందుకు వాడతారంటే గొర్రె రక్తం కొనాలంటే నగరం నుంచి ఐసులో రావాలి, వచ్చిన సీసా రెండు వారాలకు మించి నిలవదు.

2017లో ప్రభుత్వం గొల్ల కురుమలకు ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంచిన రాష్ట్రం మనది! కొమురవెల్లి మల్లన్న, ఐనవోలు మల్లన్న దగ్గర పట్నాలు వేసే నేల ఇది. ఇక్కడ గొర్రె రక్తం కరువంటే నమ్మేదెవరు? ఉన్ని లేని వెంట్రుక గొర్రెల రక్తం కూడా అన్ని పరీక్షలకూ పనికొస్తుందని, సిట్రేట్ సంచిలో తీసినా ఫర్వాలేదని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2009లో చూపించారు. మన నెల్లూరు జాతి గొర్రె వెంట్రుక గొర్రే. వరంగల్ శివార్లలో మామునూరులో పశువైద్య కళాశాల ఉంది. అక్కడ జంతుసంరక్షణ నియమాల ప్రకారం, అనుమతులతో, పది పన్నెండు ఆరోగ్యమైన గొర్రెలను పెంచి, మెడ నరం నుంచి వంతుల వారీగా కొద్దికొద్దిగా రక్తం తీసి, గాజుపూసలున్న సీసాలో ఆడించి, వారానికోసారి ఈ మూడు కళాశాలలకు పంపవచ్చు. ఇది నా ప్రతిపాదన. దీనికి కొత్త భవనం అక్కర్లేదు. కబేళా దగ్గర పట్టుకొచ్చిన రక్తం మాత్రం వద్దు. అది ముందే క్రిముల పుట్ట.

గొర్రెల మాట వచ్చింది కాబట్టి బ్రూసెల్లా. నెలల తరబడి వచ్చి పోయే జ్వరం, నడుంనొప్పి, రాత్రి చెమటలు. గొర్రెలు కాసేవాళ్లను, ఈనిన గొర్రెకు పురుడు పోసేవాళ్లను, పచ్చిపాలు తాగేవాళ్లను అడగాల్సిన జబ్బు ఇది. రక్తం సీసాలో నెమ్మదిగా పెరుగుతుంది. పొడి ఇసుక చల్లినట్టు సన్నని కడ్డీలు, ఆక్సిడేజ్ ఉంది, యూరియా నిమిషాల్లో రంగు మారుతుంది. ల్యాబు మనిషికే అంటుకునే క్రిముల్లో ఇది మొదటిది. సేఫ్టీ క్యాబినెట్ లేని చోట దీని మీద సరదా పరీక్షలు చేయొద్దు. ‘గొర్రెల కాపరి’ అని డాక్టర్ అభ్యర్థన పత్రం మీద రాస్తే చాలు, ల్యాబు జాగ్రత్త పడుతుంది. ఆ పత్రాల్లో ‘వృత్తి’ గడి ఎప్పుడు చూసినా ఖాళీయే.

భూపాలపల్లి వాళ్లకు వేసవి గురించి ఒక మాట. సింగరేణి గనుల చుట్టుపక్కల మే నెలలో ఎండ 45 డిగ్రీలు ముట్టుకుంటుంది. మామూలు ఇంక్యుబేటర్‌కు వేడెక్కించడమే తెలుసు, చల్లబరచడం తెలియదు. గది 42లో ఉంటే లోపల 37 అని రాసుకున్న కాగితం అబద్ధం. ఆ వేడిలో కొన్ని పెరగవు, పెరిగినవి వింతగా ప్రవర్తిస్తాయి. ల్యాబుకు ఏసీ అడిగితే ‘సౌఖ్యాలా’ అంటారు. అది పనిముట్టు అని చెప్పండి. ఒక థర్మామీటర్ లోపల పెట్టి రోజుకు రెండుసార్లు రాయండి, ఆ పుస్తకమే మీ దరఖాస్తు.

‘ఇదంతా ఎందుకు, మాల్డీ-టాఫ్ కొంటే పోలేదా’ అని అడిగేవాళ్లుంటారు. మంచి యంత్రం, నాకు ఇష్టం కూడా. కాలనీని లేజర్‌తో కొట్టి ప్రోటీన్ల బరువులు చూసి నిమిషాల్లో పేరు చెబుతుంది. కానీ కోట్ల రూపాయల్లో మాట్లాడుకునే వస్తువది. అంతకంటే ముఖ్యం, దానికీ కాలనీ కావాలి. మందు పడ్డాక తీసిన రక్తం నుంచి కాలనీ రాదు, ఎండలో నాలుగు గంటలు నిలిచిన మూత్రం నుంచి వచ్చిన కాలనీలు అబద్ధం చెబుతాయి. మూడు జిల్లాలకూ కలిపి వరంగల్‌లో అలాంటి యంత్రం ఒకటి ఉంటే చాలు. చిక్కుముడి కాలనీలను మూడు పొరల ప్యాకింగులో పంపుకోవచ్చు. మిగతా పని ఇక్కడే అవుతుంది.

1970లలో వచ్చిన ఏపీఐ పట్టీ గుర్తుందా? చిన్న గుంటల్లో ఇరవై పరీక్షలు, పక్కన ఆక్సిడేజ్. మూడేసి పరీక్షలను ఒక గుంపుగా చేసి, పాజిటివ్ అయిన మొదటిదానికి 1, రెండోదానికి 2, మూడోదానికి 4 వేసి కూడితే ఏడంకెల సంఖ్య వస్తుంది. 5144572 వస్తే ఇ. కోలై. ఆ పట్టీ ఖరీదైనదే. కానీ ఆ లెక్క ఎవరి సొత్తూ కాదు. మన దగ్గర చేసే తొమ్మిది గొట్టాలకు అదే పద్ధతిలో మూడంకెల సంఖ్య వేసి, తరచూ వచ్చే ఇరవై ముప్పై క్రిముల పట్టిక గోడకు అంటిస్తే కొత్తగా చేరిన టెక్నీషియన్ కూడా తడుముకోడు. గొట్టాలు సరిగా ఉన్నాయో లేదో వారానికోసారి తెలిసిన క్రిమితో పరీక్షించాలి. చండీగఢ్‌లోని సూక్ష్మజీవుల భాండాగారం నుంచి తెప్పించుకున్న నాలుగైదు ప్రామాణిక క్రిములు చాలు. ఈ ఒక్క ఖర్చులో మాత్రం పొదుపు చేయకండి. తేమకు గడ్డకట్టిన మాధ్యమం డబ్బాతో, పరీక్షించని కారకాలతో వచ్చే పేరు కన్నా పేరు లేకపోవడమే నయం. ఫలితాలను డబ్ల్యూహెచ్‌ఓనెట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించండి; ఏడాది తిరిగేసరికి జనగామ మూత్రాల్లో ఏ మందు పనిచేస్తుందో జనగామకే తెలుస్తుంది.

నమూనాల సంగతి క్లుప్తంగా. మూత్రం రెండు గంటల్లో చేరకపోతే ఫ్రిజ్, ఫ్రిజ్ లేకపోతే బోరిక్ ఆమ్లం ఉన్న సీసా. క్యారమ్ బోర్డు మీద చల్లే పొడి అదే జాతిది, అయినా అది వేయకండి! రక్తం పెద్దవాళ్లకు ఒక్కో సీసాకు ఎనిమిది నుంచి పది మిల్లీలీటర్లు, రెండు చేతుల నుంచి. ‘రక్తమంతా గుంజుతున్నరు’ అని వెంట వచ్చినవాళ్లు గోల పెడతారు. రెండు మిల్లీలీటర్లతో సరిపెట్టి ‘నో గ్రోత్’ అన్న కాగితం చేతికివ్వడం కన్నా వాళ్లకు రెండు నిమిషాలు కూర్చుని చెప్పడం మేలు. సీసాలోని రక్తం గ్రామ్ స్టెయిన్‌లో క్రిమి కనిపించగానే వార్డుకు ఫోన్ చేయాలి. పూర్తి పేరు టైపు అయ్యాక పంపుదామని ఆగితే, హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ 1884లో మనకిచ్చిన ఆ ఒక రోజు లాభం పోతుంది. రిపోర్టు మూడు మెట్లలో పోవాలి: తొలిరోజు రంగు, ఆకారం, రెండో రోజు తాత్కాలిక పేరు, మూడో రోజు పేరు, మందులు.

ఈ పనంతా చేసేది టెక్నీషియన్లు. ఏడాది కాంట్రాక్టు మీద, రాత్రి డ్యూటీలో, ఒకే మనిషి రక్తపరీక్షలూ చేస్తూ కల్చర్లూ చూడాల్సి వస్తే పై మాటలన్నీ కాగితాల మీదే ఉంటాయి. కాలనీని చూసి ‘ఇదేదో తేడాగా ఉంది సార్’ అనగలిగే కన్ను రెండు మూడేళ్లకు గానీ రాదు. ఆ కన్ను వచ్చిన మనిషిని మరో విభాగానికి బదిలీ చేయడం కన్నా పెద్ద దుబారా జిల్లా ఆసుపత్రిలో మరోటి లేదు. యాంటీబయాటిక్ ఖర్చులో ఒక చిన్న భాగం మాధ్యమాలకు, మనుషులకు మళ్లిస్తే చాలు.

వార్డుల్లో పనిచేసే డాక్టర్లకు నా విన్నపం. మొదటి డోసు పడకముందే రెండు చేతుల నుంచి రక్తం తీయించండి. పత్రం మీద రోగి వృత్తి, షుగర్ ఉందో లేదో, అప్పటికే వేసుకున్న మందుల పేర్లు రాయండి. వైడాల్ రాయడం ఈ నెల నుంచే మానండి. మూడు జిల్లాల్లోనూ ల్యాబు ఫోన్ నంబరు ప్రతి వార్డు గోడ మీదా రాయించండి, ల్యాబువాళ్లు ఫోన్ చేసినప్పుడు ఎత్తండి.